పటం మీద లేని చెలమ

ఊహాలోకానికి పటం గీయాలని కూర్చున్నవాళ్లు చాలామంది ముందు సముద్రతీరం గీస్తారు. కాగితం మీద వంకరటింకర గీత ఒకటి తిప్పి, లోపల ఒక కొండల వరస, కొండల్లోంచి ఒక నది, నది ఒడ్డున రాజధాని, ఒక మూల అడవి, ఇంకో మూల ఎడారి పెడతారు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రను తీసుకుని, పాచికలు వేస్తూ ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల కోసం ఇలాంటి పటాలు యాభై ఏళ్లుగా లెక్కలేనన్ని వచ్చాయి. చూడ్డానికి అందంగానే ఉంటాయి. ఆట మొదలయ్యాక మాత్రం ఆటగాళ్లు అడిగే మామూలు ప్రశ్నలకు వాటి దగ్గర జవాబు ఉండదు. ఈ కోట ఇక్కడే ఎందుకు కట్టారు? ఈ రెండు ఊళ్లకూ దేని మీద తగవు? ఎండాకాలం ఈ దారిన పోతే నీళ్లు దొరుకుతాయా? కల్పిత పటం నిజంలా ఉండాలంటే ఏం చేయాలన్న ప్రశ్నకు రకరకాల సమాధానాలు వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: కొండ ఆకారం సరిగ్గా కుదిరినందువల్ల పటం నమ్మకం కలిగించదు, తీరరేఖ వంకరల వల్ల అసలే కలిగించదు. ఆ లోకంలో దేనికి కరువో పటంలో ముందుగా తేలాలి. నీళ్లు ఎక్కడ లేవో మొదట గుర్తుపెట్టినవాళ్లకు ఊరు, కోట, దారి, దేవత ఎక్కడ ఉండాలో వాటంతట అవే తెలిసివస్తాయి. దీనికి నేను సాక్ష్యంగా తెచ్చేది అనంతపురం పీఠభూమిని.

పటాలు గీసేవాళ్లు నడిచిన దారులు స్థూలంగా నాలుగు. మొదటిది టోల్కీన్‌ది. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' 1954లో అచ్చు కావడం మొదలైనప్పుడు ఆయన కొడుకు క్రిస్టఫర్ గీసిన పటాలు కూడా దానితోపాటే వచ్చాయి. ముందు పటం పెట్టుకుని కథను దానికి సర్దుకున్నానని టోల్కీనే చెప్పుకున్నాడు. అందుకే ఆయన పాత్రలు రోజుకు ఎంత నడవగలవో అంతే నడుస్తాయి. అయినా మోర్డోర్‌ను మూలమట్టం పెట్టి గీసినట్టు మూడు పక్కలా చుట్టిన కొండలను చూసి భూగోళం చదివినవాళ్లు ఇప్పటికీ నొసలు చిట్లిస్తారు. రెండోది శాస్త్రం దారి. భూఫలకాలు ఎక్కడ ఢీకొన్నాయో ముందు తేల్చుకుని, అక్కడ కొండలు లేపి, గాలులు తిప్పి, వానలు కురిపించి, చివరికి మనుషుల్ని దింపుతారు. పద్ధతిలో తప్పు లేదు గాని, ఊళ్ల దాకా వచ్చేసరికి గీసేవాళ్ల ఓపిక అయిపోతుంది. ఆట జరిగేదేమో ఊళ్లలో. మూడోది ఒక ఊరు, దాని పక్కన ఒక గుహ పెట్టుకుని, ఆటగాళ్లు ముందుకు పోయేకొద్దీ పటాన్ని పెంచుకుంటూ పోవడం. పని తక్కువ, ఆట ఆ రోజే మొదలవుతుంది, కాని కొన్నాళ్లకు నదులు కొండెక్కుతాయి. నాలుగోది పాచికలకో కంప్యూటర్‌కో వదిలేయడం. ఇవాళ ఒక మీట నొక్కితే ఖండాలు, నదులు, రాజ్యాల సరిహద్దులతో సహా పటం తయారై వస్తుంది. ఊరు ఎక్కడుందో అది చెబుతుంది, అక్కడే ఎందుకుందో చెప్పడం మళ్లీ మన పనే.

ఈ ఆటల చరిత్ర మొదట్లోనే ఉన్న ఒక సంగతికి రావలసినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వచ్చినప్పుడు, ఊరు దాటి చేసే ప్రయాణాలకు 'అవుట్‌డోర్ సర్వైవల్' అనే వేరే ఆట బల్లను తెచ్చుకుని వాడుకోమన్నారు. అవలాన్ హిల్ కంపెనీ 1972లో తెచ్చిన ఆ ఆట, దారితప్పిన మనిషి ఆకలిదప్పులకు తట్టుకుని బయటపడటం గురించినది. ఆరుమూలల గడుల మీద నీటి మడుగులు ఎక్కడున్నాయో చూసుకుంటూ అడుగు వేయాలి. కొత్త ఆటవాళ్లు ఆ మడుగుల గుర్తులను కోటలుగా లెక్కపెట్టుకోమన్నారు. సౌకర్యం కోసం చేసిన ఆ చిన్న మార్పుతో బల్ల మీద నుంచి దాహం తప్పుకుంది, కోట మిగిలింది. ఆ తర్వాత వచ్చిన పటాల్లో కోటలు ఎక్కడ పడితే అక్కడ మొలవడానికి మూలం అక్కడే ఉందనిపిస్తుంది. కాని మడుగూ కోటా ఒకే గడిలో పడటంలో తెలియకుండానే ఒక నిజం ఉంది. కరువు నేలలో ఆ రెండూ ఒకే చోటుకు రెండు పేర్లు.

ఉమ్మడి అనంతపురం జిల్లాను ఆ కంటితో చూడాలి. ముందు గాలి. జూన్‌లో అరేబియా సముద్రం మీది నుంచి వచ్చే నైరుతి మబ్బులు పడమటి కనుమలకు తగిలి అక్కడే బరువు దించుకుంటాయి. కనుమల మీది ఆగుంబెలో ఏడాదికి 7000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అక్కడికి ఈశాన్యంగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న అనంతపురానికి దక్కేది 550 మిల్లీమీటర్ల దరిదాపు. చలికాలానికి ముందు బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్య మబ్బులు ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. రెండు సముద్రాల మధ్య ఉండి రెండింటికీ అందని నేల ఇది. వాన తీసుకురాని గాలి మాత్రం తగ్గదు, రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది అందుకే. తర్వాత వాలు. దక్షిణాన హిందూపురం 2000 అడుగుల ఎత్తున ఉంటే అనంతపురం 1100 అడుగుల దగ్గర, తాడిపత్రి ఇంకా కింద. అందుకే నందికొండల్లో పుట్టిన పెన్న జిల్లాలోకి వచ్చి చాలాదూరం ఉత్తరంగా పోయి, ఆ తర్వాతే తూర్పుకు తిరిగి తాడిపత్రి మీదుగా కడప వైపు వెళుతుంది. పడమటి అంచున వేదవతి, ఊళ్లవాళ్ల నోట హగరి, పెన్నతో సంబంధం లేకుండా పోయి తుంగభద్రలో కలుస్తుంది. దగ్గరదగ్గరగా పారే ఈ రెండు ఏర్లూ రెండు వేరు నదుల కుటుంబాలవి. ఇక్కడ గీసేవాళ్లు నేర్చుకోవలసింది వానలెక్క ఒక్కటే కాదు. గాలి ఎటు నుంచి, ఎత్తు ఎటు వైపు అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే పటంలో సగం అయిపోయినట్టే. నేల రంగు కూడా దీనికి తోడవుతుంది. ఎక్కువ భాగం ఎర్రనేల, నీరు నిలవదు. ఉత్తరాన ఉరవకొండ, గుత్తి, తాడిపత్రి వైపు నల్లరేగడి. అది తడిస్తే బండి చక్రం కదలదు. ఒకే రాజ్యంలో వాన పడిన మర్నాడు ఒక దారి తెరుచుకునే ఉంటుంది, ఇంకోటి మూసుకుపోతుంది.

కల్పిత పటాల్లో నది అంటే నీలం గీత. ఎండాకాలంలో పెన్న ఆ లెక్కకు రాదు. నీళ్లు కనిపించవు, ఇసుకే. కాని ఆ ఇసుకలో మోకాలి లోతు గుంత తీస్తే అడుగున తడి చేరుతుంది. అంచులు జారకుండా చేత్తో అదిమి కాసేపు ఆగితే బురదనీరు ఊరుతుంది. దాన్ని ఒకసారి తోడి పారబోస్తే రెండోసారి ఊరేది తేటగా ఉంటుంది. చిప్పతో ముంచి, బిందె మూతికి గుడ్డ కట్టి వడపోసుకుంటారు. అదే చెలమ. ఒకరి బిందె నిండేదాకా వెనకవాళ్లు ఆగాలి. నీరు నదిలో కాదు, నది కింద ఉంది. ఇదే ఎరుకతో ఏటి ఇసుకలో పొడుగ్గా తవ్వి ఊటనీటిని పొలాలకు మళ్లించుకున్న ఊటకాలువలు ఈ ప్రాంతపు పాత సేద్యానికి ఆధారం. హగరి దగ్గర ఇదే ఇసుక ఇంకో రూపం చూపిస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో, ముఖ్యంగా దర్గాహొన్నూరు చుట్టుపక్కల, ఎండిన ఏటి ఇసుకను గాలి ఎత్తి పొలాల మీద దిబ్బలుగా పోస్తుంది. పటం మూలలో ఉత్తినే ఒక ఎడారి పెట్టేవాళ్లు దీన్ని గమనించాలి. ఇక్కడ ఎడారి నది ఒడ్డున పుట్టింది, నది వల్లే పుట్టింది. ఆటలో ఇలాంటి చోటు ఒకటి కనిపిస్తే ఆటగాళ్లు వెంటనే ఎగువకు చూస్తారు. నీళ్లు ఎక్కడ ఆగిపోయాయి, ఎవరు ఆపారు అన్న వెతుకులాటతోనే కథ నడకందుకుంటుంది.

చెరువుల దగ్గర సాక్ష్యం ఇంకా గట్టిది. సముద్రం లేని ఈ నేలలో ఊరి పేర్లకు సముద్రం తగిలించుకున్నారు. బుక్కరాయసముద్రం అన్న పేరులో రాజు ఉన్నాడు, ఆయన కాలపు చెరువు ఉంది, ఆ నీటిని చూసి మనుషులు పడ్డ సంబరం ఉంది. పటం మీద పేర్లు పెట్టేటప్పుడు అర్థం లేని అక్షరాలు కలిపే బదులు పల్లి, కుంట, దుర్గం, గుట్ట, సముద్రం అన్న చివర్లు ఎలా పనిచేస్తాయో చూస్తే చాలు. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలూ, తప్పించుకోవలసిన ఆరు దోషాలూ ఆ శాసనంలో వరసగా ఉన్నాయి. ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, దూరం నుంచి వచ్చే తీపినీటి ఏరు, రెండు కొండల మధ్య పొడుగెక్కువ కాని బలమైన కట్ట, దగ్గరలో రాయి దొరికే చోటు, పని తెలిసిన మనుషులు కావాలి. కట్ట కారడం, చవిటి నేల, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీళ్లు చాలక పొలం ఎక్కువవడం, పొలం చాలక నీళ్లు ఎక్కువవడం దోషాలు. ఆరింటిలో నన్ను ఎక్కువగా ఆపేది ఇంకొకటి: రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం. భూమి లక్షణాల మధ్య రాజకీయాన్ని కూడా నేల దోషంగానే లెక్కపెట్టారు. పటాలు గీయడం నేర్పే పుస్తకాలు నదుల దగ్గర ఆగిపోతాయి. ఈ శాసనం ఒక్క అడుగు ముందుకు వేసి, కట్ట తెగితే ఎవరు పూడ్చాలి, తూము ఎవరి చేతిలో ఉండాలి అని అడుగుతుంది. పొలిమేర చెరువు ఒకటి గీసి ఇటు ఒక దొరను, అటు ఒక దొరను పెడితే ఆట నడిపేవాళ్లు వేరే శత్రువును కల్పించనక్కర్లేదు. ఎగువ చెరువు మరవ పారితే దిగువ చెరువు నిండేలా గొలుసుగా కట్టిన చోట ఇది ఇంకా ముదురుతుంది. పై కట్ట తెగితే కింది ఊళ్లన్నీ వరసగా పోతాయి. తూము ఎత్తే నీరుగంటి ఆ లోకంలో ఏ మాంత్రికుడికీ తీసిపోని పాత్ర.

ఇప్పుడు కోట. గుత్తి కోట మైదానం మీద నిలువునా లేచిన రాతికొండ మీద ఉంది. శత్రువు ఎక్కలేడు. మరాఠా సర్దారు మురారిరావు దాన్ని ఏలాడు. 1776లో హైదర్ అలీ ముట్టడిలో ఆ కోట గోడలు కూలినందుకు కాదు, పైన నీళ్లు అడుగంటినందుకు లొంగిపోయింది. 1974 నాటి ఆట మడుగును కోటగా మార్చింది. గుత్తి ఆ లెక్కను తిరగరాసి, మడుగు ఎండితే కోట పడుతుందని చూపింది. రాతికొండ మీద కోట గీసేవాళ్లు లోపల బావులు ఎన్ని, అవి ఏ నెలలో ఎండుతాయో పక్కన రాసుకుంటే ఆ కోటను పట్టడానికి ఆటగాళ్లే వంద ఉపాయాలు పన్నుతారు. నిధులకూ ఇదే కొలత. వజ్రకరూరులో వజ్రాలు దొరకడానికి కారణం భూమి లోతుల నుంచి వాటిని పైకి మోసుకొచ్చిన కింబర్లైట్ రాయి. అవి కంటపడేది తొలకరి వాన పైమట్టిని కడిగినప్పుడు. అప్పుడు జనం పొలాల్లో వంగి వెతుకుతూ కనిపిస్తారు. నిధి ఎక్కడుందో, ఏ నెలలో బయటపడుతుందో, ఎవరెవరు పోటీకి వస్తారో ఒకే కారణం చెప్పేసింది.

మాయలూ మంత్రాలూ ఉన్న లోకానికి ఇంత వానలెక్క ఎందుకన్నది మొదటి అభ్యంతరం, బలమైనది కూడా. మాంత్రికుడు చేయి ఊపితే వాన పడే చోట, కొండలు మబ్బుల్ని అడ్డుకోవడం వల్ల కలిగే వర్షచ్ఛాయ ఏం చేస్తుంది? కాని మాయ వచ్చినంత మాత్రాన కరువు పోదు, కరువైన వస్తువు మారుతుంది. వాన కురిపించే మనిషి ఒకడుంటే ఆ మనిషే కరువు. అతన్ని ఏ ఊరు ఉంచుకుంటుంది, ఎవరు ఎత్తుకుపోతారు, అతను ముసలివాడైతే ఏమిటి? పైగా అతీతమైనవి ఊరికే ఎక్కడో పుట్టవు, భయం ఉన్న చోట పుడతాయి. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి ప్రాణమిచ్చిన కోడలి కథను తీసుకునే కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' రాశారు. ఆమె దేవతగా వెలసింది కొండ మీద కాదు, కట్ట మీద. లోకంలో దేవతలు ఎక్కడుండాలో కూడా నీళ్లే చెబుతున్నాయి.

ప్రకృతి తానే సూత్రాలు తప్పుతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. నిజమే. నదులు కలుస్తాయి గాని చీలవని అందరూ చెబుతారు, వెనిజులాలో కాసిక్వియారే పాయ ఒరినోకో నీటిని చీల్చి అమెజాన్ వైపు పంపుతుంది. నది కొండను చుట్టి పోవాలి, పెన్న ఎర్రమల కొండలను నిలువునా కోసుకుని పోతుంది. అయితే ఆ చోటుకు మనవాళ్లు ఏం చేశారో చూడాలి. ఆ కోతను గండి అన్నారు, దాని అంచున కోట కట్టారు, కోటకు ఆ పేరే పెట్టారు. గండికోట అన్న మాటలోనే ఇది వింత అన్న ఎరుక ఉంది. పటంలో సూత్రం తప్పవచ్చు. తప్పిన చోటు అరుదుగా ఉండాలి, ఆ లోకంలో మనుషులు దాన్ని గమనించి ఉండాలి, దానికి ఒక పేరూ ఒక కథా ఉండాలి. ప్రతి నదీ కొండను కోస్తూ పోతే ఏ కోతా గండి కాదు.

ఆటగాళ్లు చూసేది చుట్టూ ముప్ఫై మైళ్లే, మిగతా శ్రమంతా దండగ అనేవాళ్లున్నారు. వాళ్ల ఇబ్బందిని నేను ఒప్పుకుంటాను, అందుకే ఖండమంతా గీయమని చెప్పను. గాలి దిక్కు, ఎత్తైన వైపు, పెద్ద నీరున్న చోటు, ఈ మూడూ పటం అంచు బయట మూడు బాణాలుగా రాసుకుంటే చాలు. నందికొండల్లో కురిసిన వాన హిందూపురం దగ్గర పెన్నలోకి ఎర్రగా దిగినప్పుడు, పైన ఏం జరిగిందో చూడకపోయినా తెలుస్తుంది. ఎండునేలలో ఆట విసుగనే మాట మాత్రం నేను ఒప్పుకోను. పచ్చటి లోకంలో ఎటు పోయినా ఒకటే, ఇక్కడ ప్రతి మజిలీ ఒక నిర్ణయం. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలన్నిటినీ రాత్రి బస అన్న ఒక్క నూలు మీద గుచ్చారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చెన్నపట్నం నుంచి కాశీకి పోయివస్తూ దారినీ బసలనూ రాసిన యాత్రాచరిత్ర, ప్రయాణాన్ని ఆటగా మలిచేవాళ్లకు ఏ నియమాల పుస్తకం కన్నా మంచి పాఠం. దూరాన్ని మైళ్లలో కాక మజిలీల్లో కొలిస్తే నీళ్లున్న చోట్లు వాటంతట అవే పటం మీద చుక్కలవుతాయి.

మనసును నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం ఇంకొకటుంది. 1876-78 నాటి ధాత కరువు అప్పటి బళ్లారి జిల్లాను తుడిచిపెట్టింది, అనంతపురం అప్పుడు అందులో భాగం. ఇవాళ్టికీ బోర్లు ఎండి, వేరుశనగ పోయి, వలస పోయే కుటుంబాలున్న నేల ఇది. దాన్ని ఆటకు సరంజామా చేసుకోవచ్చా? కరువును రంగుగా వాడితే, అస్థిపంజరాలూ పగిలిన మట్టీ తెరగా వేలాడదీస్తే, అది తప్పే. కాని ఈ నేల నుంచి తీసుకోవలసింది చావు కాదు, తెలివి. కట్ట ఎక్కడ వేయాలో, తూము ఎప్పుడు ఎత్తాలో, ఇసుకలో ఎక్కడ తవ్వాలో తెలిసిన మనుషులు ఆ పటంలో మాట్లాడే పాత్రలు కావాలి, జాలిపడాల్సిన గుంపు కాకూడదు. వాళ్లను సాయం అడిగేవాళ్లుగా కాక దారి చూపేవాళ్లుగా పెట్టడం ఆట నడిపేవాళ్ల చేతిలోనే ఉంది.

పటానికి తేదీ ఉండాలన్న మాట ఈ ఆటల పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. 1565లో విజయనగరం పతనమయ్యాక రాజధాని పెనుకొండకు వచ్చింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు, 1882లో బళ్లారి నుంచి అనంతపురం జిల్లా విడిపడింది, 2022లో పుట్టపర్తి కేంద్రంగా ఇంకో జిల్లా అయింది. కొండలూ ఏర్లూ కదలలేదు, గీతలే కదిలాయి. గీసే చేయి కూడా ముఖ్యం. 1811లో సర్వేయర్ లాంబ్టన్ తన మహా సర్వేలో భాగంగా గుత్తి దగ్గర ఒక ఆధారరేఖ కొలిచాడు. ఆ రకం పటంలో కొండకొనలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటాయి. పన్ను వసూలు చేసేవాళ్ల పటంలో తరి, మెట్ట పొలాలుంటాయి. మందతో తిరిగే గొర్రెలకాపరి పటం కాగితం మీద ఉండదు. ఆటగాళ్ల చేతికి ఇవ్వవలసింది మొదటి రెండింటిలో ఒకటి. కొండలు, కోటలు, నీలం గీతగా నది, అన్నీ సరిగ్గా ఉన్నది. దాన్ని నమ్ముకుని మే నెలలో వాళ్లు ఏటి ఒడ్డుకు చేరతారు, ఎదుట ఇసుక ఉంటుంది. తోలుసంచిలో నీళ్లు ఒక పూటకు ఉన్నాయి. ఆవలి గట్టున గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన గొర్రెలను మళ్లిస్తున్నాడు. చెలమ ఏ వంపులో తవ్వాలో తెలిసింది ఆయనకే.